పదేళ్ళు దాటిన లగ్జరీ డీజిల్ ఎస్‌యూవీ: ఏది ఎక్కడ చెడుతుంది, కొన్నాక ఖర్చు ఎంత?

వీ6_వెతుకులాట

ఆరు సిలిండర్ల డీజిల్ ఎస్‌యూవీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుందామని చూస్తున్నాను. వడపోత అయ్యాక నాలుగు మిగిలాయి: 2014 మెర్సిడెస్ ఎంఎల్ 350 డీజిల్ (డబ్ల్యూ166), 2013 బీఎండబ్ల్యూ ఎక్స్5 30డీ (ఈ70), 2014 ఆడి క్యూ7 3.0 టీడీఐ (పాత తరం 4ఎల్), 2013 ల్యాండ్‌రోవర్ డిస్కవరీ 4 3.0. నాలుగూ 1,00,000 నుంచి 1,40,000 కి.మీ. మధ్య తిరిగినవే. అన్నింటికీ సర్వీసు రికార్డులు ఉన్నాయంటున్నారు కానీ ఎంతవరకు పూర్తిగా ఉన్నాయో చూడాలి.

మైలేజీ, సీట్ల మెత్తదనం గురించి కాదు నా ప్రశ్న. ఈ ఇంజన్లలో ఎప్పుడైనా రావచ్చు అనుకునే పెద్ద రిపేర్లు ఏవి? అవి ఎందుకు వస్తాయి? ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలబడేది) ఉన్న బండి కొనొచ్చా, వదిలేయాలా? టెస్ట్ డ్రైవ్ రోజున, లిఫ్ట్ మీద ఎక్కించినప్పుడు ఏం చూస్తే అసలు సంగతి బయటపడుతుంది? ఏడాదికి ఎంత పక్కన పెట్టుకోవాలో డబ్బుల్లో వద్దు, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. లేబర్ గంటల్లోనో, బండి ధరలో వంతుగానో చెబితే చాలు. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్, ఫిల్టర్లు సొంతంగా మార్చుకోగలను. ఇంజన్ విప్పే పని నా వల్ల కాదు.

---

స్పానర్‌సెట్

బండి ధర పడిపోయినంత మాత్రాన పార్టుల ధర పడదు, ముందు ఆ లెక్క మనసులో పెట్టుకోండి. కొత్తగా అమ్మినప్పటి ధరకు తగ్గట్టే పార్టుల ధర ఉంటుంది. మీరు దాన్ని ఐదో వంతుకే కొన్నారన్న సంగతి కంట్రోల్ ఆర్మ్‌కి తెలియదు. ఇక లేబర్. ఈ బండ్లలో చెడేది చాలాసార్లు చిన్న సీలో, ప్లాస్టిక్ ముక్కో. దాన్ని చేరుకోవడానికే సగం ఇంజన్ విప్పాలి. బిల్లు పెరిగేది అక్కడ.

ఎంఎల్‌తో మొదలుపెడతాను. అందులోది ఓఎం642 అనే ఇంజన్, 72 డిగ్రీల వీ6. రెండు వరసల సిలిండర్ల మధ్య ఉన్న లోయలో ఆయిల్ కూలర్ కూర్చుంటుంది. దాని మీద ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఆ వెనక టర్బో. కూలర్ కింద రెండు సీళ్ళు ఉంటాయి. మొదట్లో వేసిన నారింజరంగు సీళ్ళు వేడికి గట్టిపడి ఆయిల్ వదిలేసేవి, తర్వాత ఊదారంగు విటాన్ సీళ్ళు వచ్చాయి. 2014 బండిలో ఏవి ఉన్నా పదేళ్ళ వేడి తిన్నవే కదా. లీకైన ఆయిల్ లోయలో నిండి, వెనక వైపు నుంచి జారి, గేర్‌బాక్స్ బెల్‌హౌసింగ్ (ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటి తొడుగు) దగ్గర చుక్కలుగా పడుతుంది. కింద నుంచి చూసినవాళ్ళు వెనక క్రాంక్ సీల్ పోయిందనేస్తారు. గేర్‌బాక్స్ దించి ఆ సీల్ మార్చాక కూడా అదే చోట అదే చుక్క. అందుకే ముందు పై నుంచి చూడాలి. ఇంజన్ కవర్ తీసి, టర్బో కింద లోయలోకి సన్నటి కెమెరా పెడితే తడి కనబడుతుంది.

ఈ పనికి 10 నుంచి 14 గంటల లేబర్. సీళ్ళు రెండూ చౌకే. అంత విప్పాక మాత్రం కేవలం సీళ్ళు వేసి మూసేయడం దండగ పని. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్లు, టర్బో ఇన్‌లెట్ సీల్, టర్బో ఆయిల్ గొట్టాల గాస్కెట్లు కొత్తవి వేయాలి. మానిఫోల్డ్‌లో పేరుకున్న మసి గీకించాలి. ముఖ్యంగా స్వర్ల్ ఫ్లాప్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని సుడి తిప్పే రెక్కలు) మోటర్ చూడాలి. అది టర్బో కింద ఉంటుంది. టర్బో ఇన్‌లెట్ సీల్ దగ్గర బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ కారి సరిగ్గా ఆ మోటర్ మీదే పడుతుంది. లోపలి ఎలక్ట్రానిక్స్ తడిసి మోటర్ చస్తుంది, ఇంజన్ లింప్ మోడ్‌లోకి (తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకునే స్థితికి) పోతుంది. కొందరు మోటర్ మార్చకుండా కనెక్టర్‌లో 4.7 కిలోఓమ్ రెసిస్టర్ గుచ్చి ఈసీయూని (ఇంజన్ కంప్యూటర్‌ని) నమ్మిస్తారు. స్కానర్‌లో ఏ కోడూ కనబడదు, ఫ్లాప్‌లు మాత్రం కదలవు. ఆ కనెక్టర్‌కి టేపు చుట్టి ఉంటే బేరం అక్కడే ఆపండి.

గ్లో ప్లగ్‌లు (చల్లని స్టార్ట్‌లో సిలిండర్లను వేడిచేసేవి) ఈ ఇంజన్‌లో హెడ్‌లోనే పట్టేసుకుంటాయి. చల్లని ఇంజన్ మీద బలవంతంగా తిప్పితే విరిగిపోతాయి, ఆపైన డ్రిల్ చేసి తీయడం తప్ప దారి లేదు. ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు, ముందు రోజే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి, టార్క్ పరిమితి దాటకుండా కొంచెం విప్పుతూ కొంచెం బిగిస్తూ తీయాలి. ఒక్కటి పోయిందని కోడ్ వచ్చినంత మాత్రాన తొందరపడకండి. వెచ్చని వాతావరణంలో దాంతో స్టార్టింగ్‌కి ఇబ్బందేమీ ఉండదు.

ఎక్స్5లో ఉన్నది ఎన్57 ఇంజన్. ఇది చక్కటిదే, కానీ టైమింగ్ చైన్ వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. అరిగితే ఇంజన్ బయటికి తీయాలి, లేదా గేర్‌బాక్స్ దించాలి. ఎలా చూసినా 20 గంటలు దాటుతుంది. చల్లని స్టార్ట్‌లో మొదటి రెండు మూడు సెకన్లు క్యాబిన్ గోడ వైపు నుంచి గరగర వినబడుతుందా, వేడెక్కాక 1500 ఆర్‌పీఎం దగ్గర అదే శబ్దం సన్నగా కొనసాగుతుందా అన్నది వినాలి. ముందు నుంచి కాదు, బానెట్ వెనక అంచు దగ్గర నిలబడి వినండి. ఆయిల్ మార్పుల మధ్య 25,000 కి.మీ. దాకా లాగిన బండ్లలో చైన్ గైడ్లు త్వరగా అరుగుతాయి. రికార్డులో 12,000-15,000 కి.మీ.కి ఒకసారి మార్చినట్టు ఉంటే ఆ బండి విలువే వేరు. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) రీకాల్ పని పూర్తయిందో లేదో ఛాసిస్ నంబర్‌తో కనుక్కోండి. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ బండ్లు వరసగా కాలిపోయింది ఆ భాగం వల్లే: కూలంట్ లీకై మసితో కలిసి, ఎగ్జాస్ట్ వేడికి అంటుకుని, ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ని కరిగించేది. క్రాంక్ పుల్లీలో రబ్బరు పొర పగుళ్ళు కూడా టార్చితో చూడండి. అది ఊడితే బెల్టు పోతుంది.

క్యూ7 టీడీఐలో కూడా చైన్ వెనకే. ఎన్57కి చెప్పిన వినికిడి పరీక్షే దీనికీ. అదనపు భయం హైప్రెషర్ ఫ్యూయల్ పంపు, బాష్ సీపీ4 రకం. లోపల అరగడం మొదలైతే ఇనుప రజను రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ లైన్ గుండా ట్యాంకులోకీ పోతుంది. అప్పుడు పంపు ఒక్కటీ మారిస్తే కుదరదు, మొత్తం ఇంధన వ్యవస్థ మార్చాలి. పరీక్ష తేలికే. పంపు మీద ఉన్న మీటరింగ్ వాల్వ్ విప్పి దాని జల్లెడ మీద మెరిసే రేణువులు ఉన్నాయేమో చూడాలి. ఒక్క మెరుపు కనబడినా వదిలేయండి. డీజిల్ బండిలో పొరపాటున పెట్రోలు పోసిన చరిత్ర ఉన్నా అంతే.

డిస్కవరీ 4... నడపడానికి నాలుగింటిలో అదే గొప్పది, కొనడానికి అదే ప్రమాదం. 3.0 డీజిల్‌లో క్రాంక్ బేరింగ్ తిరిగిపోవడం, క్రాంక్‌షాఫ్టే విరగడం బాగా తెలిసిన జబ్బు. చాలాసార్లు ముందు హెచ్చరిక ఉండదు. ఇంజన్ ముందు వైపున్న టైమింగ్ బెల్టుతో పాటు వెనక వైపు ఫ్యూయల్ పంపుకి ఇంకో బెల్టు ఉంది, రెండూ కలిపి మార్చిన బిల్లు అడగండి. కిలోమీటర్లు తక్కువైనా వయసు లెక్కన అవి అయిపోయినట్టే. టర్బోల పనికి బాడీని ఛాసిస్ మీద నుంచి పైకి లేపడమే తేలిక అనుకునే వర్క్‌షాపులు బోలెడు. ఈ నాలుగింటిలో ముందు కొట్టేయాల్సింది దీన్నే అంటాను.

---

గాలిసంచి

ఎయిర్ సస్పెన్షన్ గురించి నేను చెబుతాను. ఉన్నంత మాత్రాన పారిపోనక్కర్లేదు. ఏ బండిలో ఎంత ఉందో తెలియాలి. ఈ70 ఎక్స్5లో ఉంటే వెనక రెండు చక్రాలకే, అవి స్ట్రట్లు కావు, విడి రబ్బరు సంచులు. ఒక్కో పక్క గంటన్నర పని. ఎంఎల్, క్యూ7లలో ఇది ఆప్షన్, తీసుకుంటే నాలుగు చక్రాలకీ వస్తుంది. ముందు వైపు సంచి, డ్యాంపర్ కలిసి ఒకే స్ట్రట్‌గా ఉంటాయి కాబట్టి సంచి చిరిగితే మొత్తం మార్చాలి. స్టీల్ స్ప్రింగులున్న ఎంఎల్ గానీ క్యూ7 గానీ దొరికితే ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు.

చెడే క్రమం ఎప్పుడూ ఒకటే. రబ్బరు మడత పడే చోట సన్నని పగుళ్ళు వస్తాయి. రాత్రి గాలి కొంచెం పోతుంది. పొద్దున కంప్రెసర్ దాన్ని నింపుతుంది. లీకు పెరిగేకొద్దీ కంప్రెసర్ ఎక్కువసేపు తిరిగి, వేడెక్కి, పిస్టన్ రింగు అరిగి చస్తుంది. దానితో పాటు డ్రైయర్‌లోని సిలికా తేమ పీల్చి పొడిపొడిగా రాలి వాల్వ్ బ్లాక్‌లోకి (ఏ సంచికి ఎంత గాలో పంచే భాగంలోకి) పోతుంది. కంప్రెసర్ పోయిందని కోడ్ రాగానే కంప్రెసర్ మార్చేసి, లీకైన సంచిని అలాగే వదిలేస్తే కొత్తదీ ఏడాదిలోపు అదే దారి పడుతుంది. ముందు లీకు, తర్వాత కంప్రెసర్, దానితోనే రిలే. రిలే చిన్న వస్తువు, కానీ దాని కాంటాక్టులు అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది.

కొనేముందు పరీక్ష ఇలా. బండిని చదునైన చోట, చక్రాలు నేరుగా పెట్టి ఆపండి. నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఆర్చ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవకండి, టైరు గాలి లెక్క తప్పిస్తుంది. రాత్రంతా వదిలి, తలుపు తెరవకముందే మళ్ళీ కొలవండి. తలుపు తెరిస్తే కొన్ని బండ్లు మేలుకుని ఎత్తు సరిచేసుకుంటాయి, మీ కొలత వృథా. 5 మి.మీ. లోపు తేడా అయితే పట్టించుకోను. ఒక్క మూల 15-20 మి.మీ. దిగితే ఆ స్ట్రట్ గానీ దాని పైన ఉన్న గాలి గొట్టం కనెక్షన్ గానీ లీకు. రెండు ముందు చక్రాలూ సమానంగా దిగితే వాల్వ్ బ్లాక్‌ని అనుమానించండి. సబ్బు నీళ్ళు స్ప్రే చేయాల్సింది బండిని పై ఎత్తుకి లేపాక. అప్పుడే మడతలు విప్పుకుని పగులు బుడగలు తీస్తుంది.

రెండు జాగ్రత్తలు. జాకీ పెట్టేముందు మెనూలో జాకింగ్ మోడ్ ఆన్ చేయాలి. లేకపోతే చక్రం గాల్లో ఉన్నప్పుడు సిస్టమ్ గాలి వదిలేయొచ్చు. కొత్త స్ట్రట్ వేశాక గాలి నింపకుండా బండి బరువు దాని మీద దించకూడదు. ఖాళీ సంచి తప్పుగా మడతపడి మొదటి రోజే చిరుగుతుంది. వారంటీ రాని స్ట్రట్లలో ఎక్కువ భాగం ఇలా పోయినవే అనుకుంటాను.

---

వీ6_వెతుకులాట

ఇద్దరికీ థాంక్స్ అండీ. డిస్కవరీ కొట్టేశాను. ఎక్స్5 అమ్మే ఆయన గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు, కంపెనీయే చెప్పింది అంటున్నారు. ఎంఎల్ వాళ్ళేమో ఒకసారి మార్చామంటున్నారు, ఏ ఆయిల్ వేశారో తెలియదట. దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకోవాలి?

---

ఏటీఎఫ్_నీలం

చాలా సీరియస్‌గానే. ఎక్స్5 30డీలో ఉన్నది జెడ్‌ఎఫ్ 8హెచ్‌పీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. బండి కంపెనీ జీవితాంతం అంటుంది. ఆ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కి.మీ. లేదా 8 ఏళ్ళు అని చెబుతుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో మీకే తెలుసు.

పని వివరం: ప్యాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దానిలోనే కలిసి ఉంటుంది. అంటే ప్యాన్, ఫిల్టర్, గాస్కెట్ ఒకే ముక్క. బోల్టులు 10 న్యూటన్ మీటర్లే, అవీ అడ్డంగా ఎదురెదురు వరసలో బిగించాలి. దిగేది 5-6 లీటర్లు, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, ఫర్వాలేదు. అసలు కిటుకు లెవెల్ దగ్గర. ఇంజన్ రన్నింగ్‌లో, గేర్లన్నీ ఒక చుట్టు తిప్పి, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత 30-50 డిగ్రీల మధ్య ఉండగా ఫిల్ ప్లగ్ నుంచి సన్నటి ధార కారాలి. చల్లగా ఉన్నప్పుడు నింపితే ఒక స్థాయి, 80 డిగ్రీల దగ్గర నింపితే ఇంకోటి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సుల్లో ఆయిల్ మార్పు తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు లెవెల్ తప్పినవే.

ఎంఎల్‌లోని గేర్‌బాక్స్ 722.9, ఏడు గేర్లు. 2010 తర్వాతి వాటిలో నీలం రంగు ఆయిల్, స్పెసిఫికేషన్ 236.15. అంతకుముందు వాటిలో ఎర్రది, 236.14. రెండూ కలపకూడదు, చిక్కదనం వేరు. మీరు చూసే బండిలో కొంచెం ఆయిల్ తీయించండి. ఎర్రగా వస్తే తప్పు ఆయిల్ వేశారు. ఊదాగా వస్తే రెండూ కలిపారు. నల్లగా, మాడిన వాసనతో ఉంటే రంగు గురించి మాట్లాడుకోవడం అనవసరం. ఈ గేర్‌బాక్స్‌లో ఇంకో జబ్బు లోపలి కండక్టర్ ప్లేట్ మీదున్న స్పీడ్ సెన్సర్లు. పోతే ఒకే గేర్లో ఇరుక్కుంటుంది. ప్లేట్, కంట్రోలర్ ఒకే యూనిట్, పైగా బండితో లాక్ అయి ఉంటుంది. పాత బండి నుంచి తీసింది నేరుగా వేస్తే పనిచేయదు, కొత్తదాన్నీ ఆన్‌లైన్ కోడింగ్ చేయాల్సిందే.

క్యూ7లో ఉన్నది ఐసిన్ ఎనిమిది గేర్లది. మొండిది, ఆయిల్ మారుస్తూ ఉంటే చాలు.

ఎక్స్5 కొనే వాళ్ళు గేర్‌బాక్స్ కన్నా ఎక్కువ చూడాల్సింది ట్రాన్స్‌ఫర్ కేస్. ముందు చక్రాలకు శక్తి పంపేది లోపలి క్లచ్ ప్యాక్. నాలుగు టైర్ల చుట్టుకొలత సమానంగా లేకపోతే ఆ క్లచ్ రోజంతా జారుతూ కాలుతుంది. టైర్ల అరుగుదలలో తేడా 2-3 మి.మీ. దాటకూడదు. రెండు కొత్తవి, రెండు పాతవి, వేర్వేరు బ్రాండ్లు ఉన్న ఎక్స్5 కనబడితే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతిన్నదనే లెక్కతో బేరం ఆడండి. గుర్తు ఏమిటంటే, తక్కువ స్పీడులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి గడగడలాడుతుంది. తొలి దశలో అయితే ఆయిల్ మార్చి, స్కానర్‌తో అరుగుదల కౌంటర్ రీసెట్ చేస్తే తగ్గుతుంది. ఆయిల్ లీటరు కూడా పట్టదు. ఫోర్‌వీల్, డీఎస్‌సీ (బండి జారకుండా చూసే వ్యవస్థ), ఏబీఎస్ లైట్లు ఒక్కసారే వెలిగితే మాత్రం చాలాసార్లు యాక్చుయేటర్ మోటర్‌లోని ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగి ఉంటాయి. ఆ గేరు విడిగా దొరుకుతుంది, రెండు గంటల పని. మొత్తం ట్రాన్స్‌ఫర్ కేస్ మార్చాలంటే ఒప్పుకోకముందు దాన్ని విప్పి చూడమనండి.

20 అంగుళాల చక్రాలున్న ఎక్స్5లో ముందు 275/40, వెనక 315/35. ముందూ వెనకా మార్చుకోలేరు కాబట్టి వెనక టైర్లు త్వరగా అయిపోతాయి. 19 అంగుళాల సమాన సైజు చక్రాలున్న బండి దొరికితే టైర్ల ఖర్చు బాగా తగ్గుతుంది, ప్రయాణమూ మెత్తగా ఉంటుంది.

---

లాగ్‌ఫైల్

పై ముగ్గురూ పార్టులు చెప్పారు, నేను చూసే క్రమం చెబుతాను.

బండి దగ్గరికి వెళ్ళే ముందు ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కి గట్టిగా చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లని స్టార్ట్ వినకుండా ఎన్57 గానీ ఆడి టీడీఐ గానీ కొనడం జూదం.

స్టార్ట్ చేయకముందే స్కానర్ పెట్టండి. మామూలు ఓబీడీ చాలదు, ఆ బ్రాండ్‌లోని అన్ని మాడ్యూల్స్ చదివేది కావాలి. మూడు చూడండి. కోడ్‌లు చెరిపాక ఎన్ని కి.మీ. నడిచిందో ఒక విలువ ఉంటుంది. 30-40 కి.మీ. చూపిస్తే ఎవరో నిన్ననే చెరిపారు. తర్వాత వేర్వేరు మాడ్యూల్స్‌లో నమోదైన కిలోమీటర్లు మీటర్‌తో సరిపోతున్నాయా. మూడోది డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లోని మసిని పట్టే ఫిల్టర్) డేటా: యాష్ (బూడిద) మొత్తం, సగటున రెండు రీజెనరేషన్ల (ఫిల్టర్‌లోని మసిని కాల్చే సార్ల) మధ్య దూరం. మసి వేరు, యాష్ వేరు. మసి దాదాపు 600 డిగ్రీల దగ్గర కాలిపోతుంది. యాష్ అంటే ఇంజన్ ఆయిల్‌లోని లోహపు అడిటివ్‌ల అవశేషం, అది కాలదు, పేరుకుంటూనే ఉంటుంది. అందుకే తక్కువ యాష్ ఆయిలే వాడాలి: మెర్సిడెస్‌కి 229.51 లేదా 229.52, బీఎండబ్ల్యూకి ఎల్‌ఎల్-04, ఆడికి 507.00. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే సరిపోదు, ఈ నంబరు ఉండాలి. ఒక్కో మార్పుకి 7 నుంచి 9 లీటర్లు పడుతుంది.

రీజెనరేషన్ల మధ్య 300 కి.మీ. పైన ఉంటే ఆరోగ్యం. 150 కన్నా తక్కువైతే ఏదో అడ్డుపడుతోంది. ఫిల్టర్ నిండిందనే అనుకోకండి. చాలాసార్లు థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. ఇంజన్ 70 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది, రీజెనరేషన్ సరిగా మొదలవదు, మొదలైనా పూర్తవదు. డాష్‌బోర్డు ముల్లును నమ్మొద్దు, మధ్యలోనే నిలబడేలా దాన్ని తయారుచేశారు. స్కానర్‌లో అసలు విలువ చూడండి. డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ (ఫిల్టర్‌కి ముందూ వెనకా ఒత్తిడి తేడా కొలిచేది) రబ్బరు గొట్టాలు పగిలినా ఇదే అయోమయం. సగంలో ఆగిన రీజెనరేషన్లు డీజిల్‌ని ఆయిల్‌లో కలుపుతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పైకి వస్తుంటే అది ఎవరో ఎక్కువ పోశారని కాదు.

యాడ్‌బ్లూ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ద్రవం) ఉన్న వేరియంట్ అయితే ఆ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, ట్యాంకు హీటర్ ఖర్చు అదనం. స్టార్ట్ కాకపోవడానికి ఇంకా ఇన్ని కి.మీ. అన్న హెచ్చరిక చూపించే బండిని అది పరిష్కరించాకే తీసుకోండి.

ఇక నీళ్ళు. చిన్నదిగా కనబడుతుంది గానీ ఈ వయసు బండ్లను ఎక్కువగా చంపేది ఇదే. సన్‌రూఫ్ డ్రెయిన్ గొట్టాలు మూసుకుపోతే నీళ్ళు పిల్లర్ల గుండా కార్పెట్ కిందికి పోతాయి, ఎలక్ట్రానిక్స్ అక్కడే ఉంటాయి. క్యూ7లో బ్యాటరీ కూడా ముందు సీటు కిందే. సన్‌రూఫ్ తెరిచి ఒక్కో మూలలో 200 మి.లీ. నీళ్ళు మెల్లగా పోసి, బండి కింద కారుతున్నాయో లేదో చూడండి. కార్పెట్ పైన పొడిగా ఉన్నా కింది ఫోమ్ తడిగా ఉండొచ్చు, అంచు ఎత్తి వేలుతో నొక్కాలి. అద్దాల మీద లోపలి వైపు మంచు పట్టడమూ గుర్తే. ఎక్స్5లో డిక్కీ తలుపు మడత దగ్గర వైర్లు తెగుతాయి. లైటో లాకో వింతగా ప్రవర్తిస్తే అక్కడ రబ్బరు తొడుగు తీసి చూడండి.

పాతబడ్డ బ్యాటరీ కూడా పది రకాల అబద్ధపు కోడ్‌లు పుట్టిస్తుంది. బీఎండబ్ల్యూలో కొత్త ఏజీఎం బ్యాటరీ వేశాక దాన్ని రిజిస్టర్ చేయాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తూ కొత్తదాని ఆయుష్షు తగ్గిస్తుంది.

లిఫ్ట్ మీద: కంట్రోల్ ఆర్మ్ బుష్‌ల పగుళ్ళు, బెల్‌హౌసింగ్ తడి, బ్రేక్ డిస్క్ మందం. డిస్క్ అంచు మీదే కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది. రెండు టన్నులు దాటిన బరువు కదా, రెండు ప్యాడ్ సెట్లకి ఒకసారి డిస్కులూ పోతాయి. 80-100 స్పీడులో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణికితే అందరూ డిస్క్ వంగిందంటారు. ఎక్స్5లో ముందు చక్రాల టెన్షన్ స్ట్రట్ బుష్‌లు అరిగినా అలాగే వణకొచ్చు, అవి చూడకుండా డిస్కులు కొనకండి.

ఖర్చు లెక్క మీరు అడిగారు కాబట్టి: కొన్న ధరలో 15-20 శాతం మొదటి ఆరు నెలలకే పక్కన పెట్టండి. అన్ని ఆయిళ్ళు, థర్మోస్టాట్, బుష్‌లు, బ్రేకులు, బ్యాటరీ అందులోకి వస్తాయి. ఆ తర్వాత ఏటా 10 శాతం. చైన్ గానీ ఆయిల్ కూలర్ గానీ వచ్చే ఏడాది అది చాలదు, దానికి వేరే నిల్వ ఉండాలి. కంపెనీ డబ్బాలో వచ్చే పార్టునే లెమ్‌ఫర్డర్, బాష్, మాలే, జెడ్‌ఎఫ్ తమ సొంత డబ్బాలో అమ్ముతాయి. సస్పెన్షన్, ఫిల్టర్లు, సెన్సర్లకి అదే దారి. పేరు తెలియని చౌక నాక్స్ సెన్సర్, చౌక ఎయిర్ స్ట్రట్ మాత్రం వద్దు, లేబర్ రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

---

వీ6_వెతుకులాట

ఎంఎల్ స్కాన్ చేయించాను. కోడ్‌లు లేవు, చెరిపి 38 కి.మీ. అయింది. హైవేలో కూలంట్ 71-74 మధ్య. రీజెనరేషన్ సగటు దూరం 110 కి.మీ. గేర్‌బాక్స్ ఆయిల్ నీలమే, కొంచెం ముదురుగా ఉంది. బెల్‌హౌసింగ్ పొడిగా ఉంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదే. రాత్రంతా వదిలితే ముందు ఎడమ మూల 22 మి.మీ. దిగింది, మిగతా మూడూ 3 మి.మీ. లోపే. కొనొచ్చా?

---

గాలిసంచి

ముందు ఎడమ స్ట్రట్, లేదా దాని గొట్టం బిగింపు. లీకు స్ట్రట్‌దేనని తేలితే జత మార్చే లెక్కతో బేరం ఆడండి, కుడిది కూడా అదే వయసు. కంప్రెసర్ ఎంతసేపట్లో కింది ఎత్తు నుంచి పై ఎత్తుకి లేపుతోందో టైమ్ చూడండి. ఒక నిమిషం లోపు అయితే ఇంకా దమ్ముంది. రెండు మూడు నిమిషాలు గుర్రుమంటూ తిరిగితే దాన్నీ రిలేనీ బిల్లులో కలపండి.

---

స్పానర్‌సెట్

బెల్‌హౌసింగ్ పొడి, గేర్‌బాక్స్ ఆయిల్ సరైనది. ఈ ఇంజన్‌కి అవి రెండూ పెద్ద మార్కులు. అయినా కెమెరా పెట్టి లోయ చూడటం మానకండి, కింద తుడిచేయడం సులువు. టర్బో కింద ఆ రెసిస్టర్ సంగతీ అప్పుడే తేలుతుంది.

71-74 అంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కున్నట్టే. 110 కి.మీ. రీజెనరేషన్‌కి కారణం అదే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది, కానీ ఫిల్టర్ యాష్‌తో నిండలేదని అది నిరూపించదు. కాబట్టి డబ్బు కట్టేముందే థర్మోస్టాట్ మార్చనివ్వమని ఓనర్‌ని అడగండి, ఖర్చు మీరే పెట్టుకున్నా సరే. ఇంజన్ ముందు వైపే ఉంటుంది, రెండు గంటల పని. కూలంట్ నింపాక గాలి పూర్తిగా పోయేలా చూడాలి. ఆపైన 85-90 డిగ్రీలు పట్టుకుంటుంది. ఆయిల్ లెవెల్ మ్యాక్స్ దాటి ఉంటే ఆయిల్, ఫిల్టర్ మార్చి, హైవేలో స్థిరమైన వేగంతో ఒక గంట నడిపి పూర్తి రీజెనరేషన్ అవ్వనివ్వండి. వెంటనే యాష్ విలువ, వేడి ఇంజన్ ఐడిల్‌లో డిఫరెన్షియల్ ప్రెషర్ చదవండి. ప్రెషర్ పది పదిహేను మిల్లీబార్ల లోపు పడిపోతే ఫిల్టర్ బతికే ఉంది, ఇక మీరు బేరం ఆడాల్సింది రెండు స్ట్రట్ల ధర మీద మాత్రమే. రీజెనరేషన్ పూర్తయ్యాక కూడా ప్రెషర్ తగ్గకపోతే ఫిల్టర్ ఊడదీసి కడిగించే ఖర్చు కూడా దించమనండి. ఆ పనిలో పాత టెంపరేచర్ సెన్సర్లు విప్పేటప్పుడు విరిగే అవకాశం ఎక్కువ, వాటినీ లెక్కలో వేసుకోండి. ఓనర్ థర్మోస్టాట్ మార్చనివ్వనంటే క్యూ7 దగ్గరికి వెళ్ళి మీటరింగ్ వాల్వ్ విప్పించి చూడండి.